తొమ్మిది సీసాల నీళ్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. దారిలో ఎదురైన కుక్కపిల్ల నేను ఇల్లు చేరేసరికి పులిపిల్ల అవుతుంది, రెండో కాఫీ వేళకి దానికి మూరెడు కోరలు మొలుస్తాయి. మా ఆవిడ ముప్ఫై ఏళ్లుగా నా మాటల్ని నాలుగుతో భాగించి వింటోంది. గల్ఫ్‌కి బట్టలు సర్దుకుంటున్న కుర్రాళ్లు మీరు, నాకు కొత్త. మూడుతో భాగించుకోండి చాలు. అయితే ఒక మాట. ఉన్నదాన్ని పెంచడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. మొదటిది నాకు ఊపిరి తీసుకోవడంలాంటిది. రెండోది మామూలుగా నా వల్ల కాదు. ఈ జ్ఞాపకంలో మాత్రం ఒక్కచోట ఆ రెండో పని చేశాను. ఎక్కడో చివర నేనే చెబుతాను, వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇది రాస్తున్నది సౌదీలోని జుబైల్‌లో, క్యాంపు గదిలో. యాభై అయిదేళ్లకే రిటైర్మెంటేమిటని అడక్కండి, ఇక్కడ మనల్ని రిటైర్ చేసేది వయసు కాదు, కంపెనీ. కంపెనీ చేతులెత్తేసింది, మమ్మల్ని ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా, ఇంటికి పంపిస్తోంది. నా కాగితం మాత్రం ఏదో ఆఫీసులో ఏదో బల్ల మీద నిద్రపోతోంది. గదిలో నాలుగు మంచాలు, మూడింటి మీద పరుపులు చుట్టేసి ఉన్నాయి. ఏసీ విమానంలా మోగుతుంది, ఎక్కడికీ కదలదు. మాట్లాడటానికి మనిషి లేక, మీకు రాస్తున్నాను.

నేను పద్నాలుగేళ్లు చేసిన ఉద్యోగాన్ని హోల్ వాచ్ అంటారు. తెలుగులో చెప్పాలంటే కన్నం కాపలా. ఊళ్లో చుట్టాలకి మాత్రం ‘సేఫ్టీ డిపార్ట్‌మెంట్’ అని చెప్పుకున్నాను. అబద్ధం కాదు, కాస్త పెంచాను. జుబైల్‌లో ఫ్యాక్టరీలు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మొత్తం ఆపేసి మరమ్మతులు చేస్తాయి. దాన్ని షట్‌డౌన్ అంటారు. అప్పుడు వెసల్ అనే పెద్ద పెద్ద ఇనప డ్రమ్ముల్లోకి మనుషుల్ని దింపుతారు. మా విశాఖ రైల్వే స్టేషన్ని గంట గడియారంతో సహా అందులో పడుకోబెట్టొచ్చు. (భాగించారా? సరే.) ఆ డ్రమ్ముకి మనిషి దూరేంత కన్నం ఒకటి ఉంటుంది. లోపలికి వెల్డర్లు దూరతారు. బయట కన్నం పక్కన నేను కూర్చుంటాను. ఎవడు ఎన్నింటికి దూరాడు, ఎన్నింటికి బయటికొచ్చాడు, రాస్తాను. లోపల మనిషి పలుకుతున్నాడా లేదా వింటాను. తేడా వస్తే హారన్ కొడతాను, రెస్క్యూ వాళ్లు పరిగెత్తుకొస్తారు. లోపల నా తోడబుట్టినవాడు పడిపోయినా సరే, నేను మాత్రం దూరకూడదు. గాలి చెడిన డ్రమ్ములోకి కాపాడతానని దూకినవాడు రెండో శవం అవుతాడు కనుక ఆ నియమం. ప్రాణం ఎంత గిలగిల్లాడినా బయటే ఉండటం నా పని. నాకు సరిగ్గా సరిపోయిన పని అది.

రోజుకి పన్నెండు గంటలు ఒక కన్నంతో కాలక్షేపం. లోపల గ్రైండర్ మోత, వెల్డింగ్ మెరుపు, గాలి తోసే గొట్టం హోరు. బయట ఇసక, ఎండ, నేను. మధ్యాహ్నానికి నా నీడ కూడా నన్నొదిలి కుర్చీ కిందకి పోయేది.

ఏడేళ్ల కిందట మా సేఫ్టీ ఆఫీసర్ ఒక కొత్త పద్ధతి పెట్టాడు. ఆయన హైదరాబాదీ. ఉర్దూలో కోపగించుకుని తెలుగులో చల్లబడే మనిషి. కిందటి వేసవిలో ఎండదెబ్బలు ఎక్కువయ్యాయని మా కాగితంలో ఒక గడి పెంచాడు. లోపలికి దిగినవాడు ఎన్ని సీసాల నీళ్లు తాగాడో హోల్ వాచ్ దగ్గరుండి చూసి, ఆ గడిలో రాయాలి.

గడి కనిపిస్తే నేను ఊరుకుంటానా? ఒకటి తాగినవాడికి రెండు రాశాను, రెండు తాగినవాడికి నాలుగు. నా కాగితం చూస్తే మా వెల్డర్లు నీళ్లు తాగడానికే సౌదీ వచ్చారనిపిస్తుంది. ఆయన వచ్చి కాగితం చూసేవాడు.

“అరే వా! ఇంత పానీ తాగుతున్నరా నీ మనుషులు?”

“తాగుతున్నారండి బాబూ. ఒంటెలు సిగ్గుపడి ఎడారి దాటిపోతున్నాయట.”

“మజాక్ చేయకు భాయ్. నిజం జెప్పు.”

“నిజమేనండి. మీరు గడి పెట్టాక వాళ్లకి దాహం పెరిగిపోయింది.”

ఆయన మురిసిపోయి నా కాగితం నకలు తీయించి మిగతా హోల్ వాచ్‌లందరికీ పంచాడు, చూసి నేర్చుకోండని. వాళ్లు నేర్చుకున్నారు. పది రోజుల్లో జుబైల్ మొత్తం కాగితం మీద వరదలొచ్చాయి. ఆ నెల ఉత్తమ హోల్ వాచ్‌గా నాకొక సర్టిఫికెట్ ఇచ్చారు. తర్వాత్తర్వాత ఎవరెంత తాగారో చూడటం కూడా మానేశాను. పొద్దున్నే సాయంత్రం దాకా అంకెలు వేసేసి పెట్టుకునేవాణ్ణి.

ఇక అసలు మనిషి సంగతి. ఫిలిప్పీన్స్ వాళ్లు పరాయి దేశంలో ఒకరినొకరు ‘కబయాన్’ అని పిలుచుకుంటారు, మా ఊరివాడా అన్నట్టు. మేమందరం కూడా వాళ్లని అదే పేరుతో పిలుస్తాం. మా డ్రమ్ములో వెల్డర్ ఒక కబయాన్. యాభై నిండిన మనిషి, సన్నగా, మాటకి ముందు చిన్న దగ్గు. ఆయన వేసిన అతుకు చూస్తే పట్టుచీర అంచు గుర్తొచ్చేది. నన్ను సదీక్ అనేవాడు. అరబ్బీలో స్నేహితుడని అర్థం, కానీ ఇక్కడ పేరు తెలియని ప్రతివాణ్ణీ అలాగే పిలుస్తారు కనుక నేనేమీ ఉబ్బిపోలేదు. మా ఇద్దరి భాష సగం ఇంగ్లీషు, పావు వంతు అరబ్బీ, మిగతాది చేతులు. లోపలున్నవాడి చేతులు నాకు కనిపించవు కనుక ఆ చివరి పావు వంతూ ఎప్పుడూ తప్పిపోయేది.

ఆ డ్రమ్ముకి ఒక పక్క ఇత్తడి పలక బిగించి ఉంది. జపాన్‌లో తయారైందని దాని మీద చెక్కి ఉంది. మొదటి రోజు ఆయన దాన్ని గుడ్డతో తుడిచి చదివి, కొంచెంసేపు నిలబడి, కన్నంలోకి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది.

“సదీక్, మా తాతని జపాన్ వాళ్లు చంపారు.”

“అయితే ఈ డ్రమ్ము మీద కోపంగా ఉందా?” అన్నాను.

“లేదు. అతుకులు బాగా వేశారు.”

అలా మొదలైంది. వెల్డింగ్ చల్లారే ప్రతిసారీ కొంచెం కొంచెంగా చెప్పేవాడు. కన్నంలోంచి వచ్చే గొంతు చిత్రంగా ఉంటుంది, మనిషి కాకుండా ఇనుమే మాట్లాడుతున్నట్టు. జపాన్ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిన మొదటి నెలల్లో వాళ్ల తాత సైన్యంలో ఉన్నాడు. బతాన్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన అడవి నేల. అమెరికా వాళ్లూ, ఫిలిప్పీన్స్ వాళ్లూ కలిసి అక్కడ చిక్కుకున్నారు. సాయానికి ఓడలొస్తాయన్నారు, రాలేదు. తిండి సగం చేశారు, మళ్లీ సగం చేశారు. మలేరియాకి మందు అయిపోయింది. చివరికి గుర్రాల్ని తిన్నారు. మూడు నెలలు పోరాడి ఏప్రిల్ తొమ్మిదిన లొంగిపోయారు. లొంగిపోయినవాళ్లని ఎండలో నడిపించారు, రోజుల తరబడి, నీళ్లివ్వకుండా. దారి పక్కనే బావుల్లోంచి నీళ్లు పొంగి పారుతుండేవట. లైను దాటి అటు వెళ్లినవాణ్ణి పొడిచేసేవాళ్లు, లేకపోతే కాల్చేసేవాళ్లు.

“మీ తాత లైను దాటాడా?”

చాలాసేపు గ్రైండర్ మోత. తర్వాత అన్నాడు: “దాటాడు. తన కోసం కాదు. పక్కన నడిచేవాడు దాహం, దాహం అని పడిపోతున్నాడు. వాడి కోసం దాటాడు.”

“ఆ పక్కవాడు బతికాడా?”

“బతికాడు. యుద్ధం అయిపోయాక మా నాన్నమ్మ దగ్గరికొచ్చాడు. నీ మొగుడు జ్వరంతో పోయాడని చెప్పి వెళ్లిపోయాడు. పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చాడు. అప్పుడు చెప్పాడు, నీళ్లు అడిగింది నేనే అని.”

“మీ నాన్నమ్మ ఏమంది?”

“మంచినీళ్లిచ్చింది.”

అప్పట్నుంచి వాళ్లింట్లో ఒక ఆచారం. ఏప్రిల్ తొమ్మిదిన ఇంటికి పెద్ద అయినవాళ్లు పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా మంచినీళ్లు ముట్టరు. నాన్నమ్మ చేసింది, తర్వాత ఆయన తండ్రి చేశాడు, తండ్రి పోయాక ఈయన. పద్దెనిమిదేళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదట. ఇవన్నీ తమ దేశంవాళ్లకి చెప్పడట. వాళ్లకి బడిలోనే తెలుసు, మా ఇంట్లోనూ ఒకడు పోయాడంటారు. నేనైతే కుర్చీలోంచి కదలడానికి లేనివాణ్ణి. వినేవాడు దొరకని మనిషికి అంతకంటే అదృష్టం ఏముంటుంది?

విని ఊరుకుంటే నేను నేను కాను. మాకూ ఓ యుద్ధం ఉంది కదా!

“కబయాన్, అదే ఏప్రిల్‌లో, ఆరో తారీకున, జపాన్ విమానాలు మా విశాఖపట్నం రేవు మీద బాంబులేశాయి. మీవాళ్లు లొంగిపోవడానికి సరిగ్గా మూడు రోజుల ముందు.”

కన్నంలోంచి తల బయటికొచ్చింది. కళ్లద్దాలు నెత్తి మీదకి తోసి నన్ను చూశాడు. “మీ ఊరు? ఇండియా?”

“మా ఊరే. మా తాత రేవులో ఖలాసీ.”

ఆ మాట వరకూ నిజం. తర్వాత నాకు ఊపొచ్చింది. మా తాత రేవు గట్టు మీద ఒంటరిగా నిలబడి, తలపాగా విప్పి తిప్పుతూ, విమానాన్ని కిందకి రారా అని పిలిచాడన్నాను. రెండో రోజుకి చేతిలో గొలుసు కొక్కెం వచ్చింది. మూడో రోజుకి ఆ కొక్కెం విసిరితే విమానం రెక్కకి గీసుకుపోయింది. కబయాన్ నమ్మాడు. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా మొత్తం నమ్మాడు. ఆ రాత్రి ఫోన్లో వాళ్లావిడకి కూడా చెప్పాడట. నా జీవితంలో నా మాటని భాగించకుండా విన్న మనిషి ఆయనొక్కడే.

ఏప్రిల్ తొమ్మిది వచ్చింది. పొద్దున్న కన్నం దగ్గర పేరు రాయించుకుంటూ, గొంతు తగ్గించి అన్నాడు.

“సదీక్, ఈరోజు నాకు నీళ్లు లేవు. తెలుసు కదా.”

“తెలుసు. అయితే బయట పని అడగాల్సింది.”

రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లకి మా దగ్గర బయట తేలికపాటి పని ఇస్తారు. ఉపవాసం సంగతి దాచి డ్రమ్ములోకి దిగితే మాత్రం నేరుగా ఎగ్జిట్, ఇంటికి టికెట్టు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

“ఈ అతుకు ఇవాళ అయిపోవాలి, రేపు దానికి ఎక్స్‌రే పరీక్ష. వేయగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే,” అన్నాడు. “నా రెండేళ్ల రెన్యువల్ కాగితం ఫోర్‌మన్ బల్ల మీద ఉంది. ఈ వయసులో ఒక్కరోజు చేయలేనంటే, ఎప్పటికీ చేయలేడని రాసుకుంటారు.”

“పోనీ ఈ ఒక్క ఏడూ ఆచారం మానెయ్. మీ తాత ఏమీ అనుకోడు.”

ఆయన నవ్వలేదు. “నువ్వు రాస్తావు కదా సదీక్. రోజూ రాస్తావు కదా.”

అవును, రోజూ రాస్తాను. జుబైల్‌లో అందరికీ తెలుసు, నా కలంలోంచి పంపు కంటే ఎక్కువ నీళ్లొస్తాయని. అప్పుడు చేయాల్సిందల్లా కాగితం పక్కనపెట్టి సేఫ్టీ ఆఫీసర్ని పిలవడం. నేనేం చేశానంటే, నవ్వాను. “పోవయ్యా, నీకివాళ ఏనుగంత దాహం రాస్తాను” అన్నాను. ఆయన కన్నంలోకి దూరాడు. మామూలుగా మధ్యాహ్నానికి నాలుగు సీసాలు రాస్తే గొప్ప. ఆయన పేరు పక్కన తొమ్మిది వేశాను. ఎవడికీ అనుమానం రాకూడదని కాస్త ఎక్కువే వేశాను. అబద్ధాన్ని కూడా పెంచకుండా ఆడలేని జన్మ.

పదింటికి సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. తొమ్మిది చూసి, “మాషా అల్లా! బుడ్డాయన జోర్‌దార్ తాగుతున్నడు గదా!” అని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం నమాజు వేళకి లోపలున్న మిగతా ఇద్దరు ఫిట్టర్లు బయటికొచ్చారు. వాళ్లు మసీదు టెంటు వైపు వెళ్లారు. కబయాన్ ఇంకో జానెడు ఉందని లోపలే ఉండిపోయాడు. డ్రమ్ము గోడ మీద అప్పడం వేస్తే వేగి, మాడి, బూడిదై ఎగిరిపోయేంత వేడి. ఇది భాగించినా అప్పడం వేగుతుంది.

వెల్డింగ్ మెరుపు ఆగింది. కన్నంలోంచి గొంతు వచ్చింది, కొంచెం మెత్తగా, నాలుక తిరగనట్టు.

“సదీక్. కొక్కెం విసిరాక... మీ తాతని జపాన్ వాళ్లు ఏమీ చేయలేదా?”

ఆ రోజు వాళ్ల తాత రోజు. ఎందుకో నాకు సిగ్గేసింది. అయిదారు రోజులుగా నేను ఊదిన బుడగని నేనే పొడిచాను.

“కబయాన్, కొక్కెం లేదు. తలపాగా లేదు. బాంబు మోత వినగానే మా తాత పరిగెత్తాడు. ఊరు ఊరంతా పరిగెత్తింది. మా తాత అందరికంటే ముందున్నాడట. ఆనందపురం దాకా వెనక్కి తిరిగి చూళ్లేదట. మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం గిన్నె కూడా రేవులోనే వదిలేశాడు.”

కన్నం పలకలేదు.

కోపం వచ్చిందనుకున్నాను. రాదా మరి? ఆయన తాత నీళ్లకోసం చచ్చిపోతే, నా తాత అన్నం గిన్నె వదిలేసి పారిపోయాడు. నేను కన్నంతో వాదన పెట్టుకున్నాను. “అందులో తప్పేముంది? ఆయన పారిపోబట్టే కదా నేను పుట్టాను,” అన్నాను. పలకలేదు. “ఏటయ్యా, నిజం చెబితే కూడా కోపమేనా?” అన్నాను. పలకలేదు. ఇలా ఓ అరగంట వాదించాను. నిజానికి రెండు నిమిషాలై ఉంటుంది. కానీ హోల్ వాచ్‌కి రెండు నిమిషాలంటే ఎంతో మీరు ఆ కుర్చీలో కూర్చున్నాక తెలుసుకుంటారు.

ఆ తర్వాత వినిపించింది, ఏమీ వినిపించకపోవడం. గొట్టం హోరు తప్ప ఇంకేమీ లేదు. ఆ చిన్న దగ్గు కూడా లేదు. కన్నంలో తలపెట్టి టార్చి వేశాను. నిలబడి పని చేయడానికి వేసిన చెక్క పలక మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక చెయ్యి అంచు కిందకి వేలాడుతోంది.

హారన్ కొట్టాను. బహ్రెయిన్‌లో పడుకున్నవాళ్లు లేచి కూర్చునేలా కొట్టాను. రెస్క్యూ వాళ్లు వచ్చేలోపు ఒక కాలు కన్నంలో పెట్టానన్నది నిజం. మళ్లీ తీసేశానన్నదీ నిజం. వాళ్లు నలుగురొచ్చారు. ముఖాలకి గాలి మాస్కులు పెట్టుకుని ముగ్గురు దూరారు. ఆయన్ని తాళ్లతో బయటికి తీస్తుంటే చూశాను, మూతి పగిలి తెల్లగా ఉంది. వాళ్లలో ఒకడు నీళ్ల సీసా మూత తీసి పెదాలకి పెట్టబోయాడు. తెలివిలో లేని ఆ మనిషి తల పక్కకి తిప్పేసుకున్నాడు.

క్యాంపు క్లినిక్‌లో నర్సు మన గోదావరి జిల్లా అమ్మాయి. సెలైన్ పెట్టి, నాడి చూసి, నా చేతిలో కాగితం చూసింది. నేను దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాను.

“అన్నయ్యగారూ, ఏవిటండీ ఇది? తొమ్మిది సీసాలా?”

“అవునమ్మా. చూశాను.”

“ఈయన పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదండీ. నాలుక చూడండి, చెక్కలా ఉంది. కాగితం మీద తాగిన నీళ్లు ఒంట్లోకి ఎలా వెళ్తాయండీ?” ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. “ఇంకో పావుగంట ఆలస్యమైతే నేను చేసేదేమీ ఉండేది కాదు.”

ఆయన బతికాడు. సాయంత్రానికి కళ్లు తెరిచి, కిటికీలోంచి పొద్దు వాలిందా లేదా అని చూసి, అప్పుడు నీళ్లడిగాడట. నర్సు చెప్పింది. నేను లోపలికి వెళ్లలేదు, వరండాలో ఉన్నాను.

మర్నాడు పొద్దున్న విచారణ. సైట్ ఆఫీసు డబ్బా గదిలో ముదీర్, అంటే మా సౌదీ మేనేజరు, బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన సేఫ్టీ ఆఫీసర్. బల్ల మీద డాక్టరు రాసిన కాగితం ఒకటి, నా కాగితం ఒకటి. కబయాన్ చేతికి దూదితో కూర్చున్నాడు. నేను గోడవారగా ఉన్నాను. ముదీర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇందులో ఒకటి అబద్ధం, ఏది అన్నాడు.

నేను లేచాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ముదీర్, అబద్ధం నాది. ఆ తొమ్మిదీ నేను వేసినవే. ఈయన తాగడని నాకు పొద్దున్నే తెలుసు. ఆపాల్సింది నేను, ఆపలేదు. ఆయన తప్పు ఒక్కటే, నన్ను నమ్మాడు.” అంతటితో ఆగలేదు. బతాన్ గురించి చెప్పాను, బావుల గురించి చెప్పాను, నాన్నమ్మ గురించి చెప్పాను. వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుతుంటే గోడ మీద గడియారం నిలబడి విన్నది. ముదీర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఉపవాసం అంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ఈసారికి వదిలేస్తున్నాను అన్నాడు. కబయాన్‌కి నాలుగు రోజులు విశ్రాంతిచ్చి, రెన్యువల్ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టాడు. నన్ను కన్నం దగ్గర్నుంచి తీసేసి స్టోరులో గ్లవ్స్ పంచే పనిలో వేశాడు. రోజూ పొద్దున్న కబయాన్ గ్లవ్స్‌కి వచ్చి, పెద్ద సైజు కావాలి సదీక్, మీ తాత కొక్కెం పట్టుకోవాలి అని నవ్వేవాడు. రెండేళ్లు అలా గడిచాయి.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. ఎండ, అప్పడం, అరగంట, బహ్రెయిన్ దాకా హారన్ పెంచినవి. భాగించుకుంటే దిగివస్తాయి. నేను లేచి నిలబడ్డాననడం మాత్రం ఎంతతో భాగించినా దిగిరాదు. అది పుట్టించినది.

జరిగిందిది. ఏది అబద్ధమని ముదీర్ అడిగాడు. నేను గోడవారనే కూర్చుని ఉన్నాను. కబయాన్ నన్ను చూశాడు. ఎక్కువసేపు కాదు. అడుగుతున్నట్టు కూడా లేదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉందా అని చూసినట్టు చూశాడు. తర్వాత చిన్న దగ్గు దగ్గి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు.

“సీసాలు నేనే లోపలికి తీసుకెళ్లాను. లోపల పారబోశాను. బయటున్నవాడికి ఎలా కనిపిస్తుంది?”

ముదీర్ నా వైపు తిరిగాడు. “అంతేనా?”

ఏనాడూ మాటకి తడుముకోని వాణ్ణి. తల ఊపాను.

సేఫ్టీ ఆఫీసర్‌కి తెలుసు. ఆ కాగితం మీద ఆయన సంతకం ఉంది, దాని నకళ్లు సైటంతా ఉన్నాయి. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చాక నా పక్కన నడుస్తూ, “ఊకో భాయ్. అయిపోయింది గదా. ఆయన జెప్పిండు గదా,” అన్నాడు. నన్ను ఊరడించాడో, తనని తాను ఊరడించుకున్నాడో తెలియదు.

కబయాన్‌కి వారంలో ఎగ్జిట్ కొట్టారు. స్టోరు లేదు, గ్లవ్స్ లేవు. నేను కన్నం దగ్గరే ఉన్నాను, తర్వాత ఏడేళ్లూ ఉన్నాను. ఆయనకి ఇంటి దగ్గర పని దొరికిందో లేదో తెలుసుకోలేదు. ఫోన్ నంబరు ఉంది. డ్రైవర్ల ద్వారా ఒకసారి కబురొచ్చింది, కొక్కెం విసిరిన తాత మనవడు ఎలా ఉన్నాడని అడిగాడట. అంటే ఆ మధ్యాహ్నం నేను చెప్పిన నిజం ఆయనకి వినపడనే లేదు.

ఆయన వెళ్లేరోజు పొద్దున్న క్యాంపు గేటు దగ్గరికి వ్యాను వచ్చింది. ఒకసారి వచ్చి కనపడమని ఫిట్టర్‌తో కబురు పంపాడు. కాపలాలో ఉన్నాను, కుర్చీ వదిలి రాకూడదు, ఆయనకి తెలుసు కదా, ఏమీ అనుకోవద్దని చెప్పు అన్నాను. ఫిట్టరు నన్నూ కన్నాన్నీ చూసి వెళ్లిపోయాడు. ముందురోజే మా డ్రమ్ము పని పూర్తయింది. మూత పెట్టి బోల్టులు బిగించేశారు. లోపల ఎవరూ లేరు.